చదరంగంలో ఎదుటివాడి ప్లాన్ ముందే పసిగట్టడం పిల్లాడికి ఎట్టా నేర్పాలి?

కావలి_నాన్న | శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మావాడు ఆరో తరగతి. పజిల్స్ బాగా చేస్తాడు. ఫోర్కులు (ఒకే పావు రెండింటి మీద దాడి చేయడం), పిన్నులు (వెనకున్న పెద్ద పావు వల్ల ముందుది కదల్లేకపోవడం) నాకంటే ముందే చూస్తాడు. గేమ్ మొదలయ్యాక మాత్రం వాడి లోకం వాడిదే. ఎదుటివాళ్ళు ఎత్తు వేసి చెయ్యి తీసే లోపే వీడి చెయ్యి బోర్డు మీద ఉంటుంది. ఓడిపోయి వచ్చాక ఒకటే మాట: "నా ప్లాన్ కరెక్టే నాన్నా, మధ్యలో వాడు అది వేశాడు."

ఈమధ్య నెల్లూరులో ఒక టోర్నమెంట్‌లో నల్లపావులతో ఆడిన గేమ్ స్కోర్‌షీట్ చూసి దించుతున్నా (× అంటే కొట్టడం).

1. డి4 డి5 2. సి4 ఈ6 3. నైట్ సి3 నైట్ ఎఫ్6 4. సి×డి5 ఈ×డి5 5. బిషప్ జి5 బిషప్ ఈ7 6. ఈ3 సి6 7. బిషప్ డి3 నైట్ బి నుంచి డి7 8. క్వీన్ సి2 క్యాజిలింగ్ 9. నైట్ ఎఫ్3 రూక్ ఈ8 10. క్యాజిలింగ్ నైట్ ఎఫ్8 11. రూక్ ఏ నుంచి బి1

ఇక్కడ మావాడు నైట్ జి6 వేశాడు, రాజు మీదికి పోదామని. వాళ్ళు బి4, బి5 తోసుకొచ్చి సి6 దగ్గర కొట్టారు. అక్కడినుంచి ఆ సి6 బంటుకి కాపలా కాయడమే వీడి పని అయిపోయింది. ఎండ్‌గేమ్‌లో అది కూడా పోయింది.

"పదకొండో ఎత్తులో రూక్ అక్కడికి ఎందుకు పోయిందిరా?" అంటే, "దాని ముందు వాళ్ళ బంటే ఉంది కదా, వేస్ట్ మూవ్ అనుకున్నా" అన్నాడు.

నాకు పావులు కదపడం వరకే వచ్చు. అవతలివాడు ఏం అనుకుంటున్నాడో కనిపెట్టడం అనేది నేర్పితే వచ్చేదేనా, లేక వయసు మీద రావాల్సిందేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జీరో_బ్లండర్ | శనివారం, రాత్రి 9.58

అన్నా, ఆరో తరగతి పిల్లాడికి ప్లాన్లు గీన్లు ఎందుకు? 1500 రేటింగ్ లోపు గేమ్‌లు ప్లాన్ తెలియక పోవు, పావు ఊరికే ఇచ్చేసి పోతాయి. రోజూ పజిల్స్ చేయించండి చాలు. మిగతావి వాటంతట అవే వస్తాయి.

మూలాపేట_మాస్టర్ | శనివారం, రాత్రి 10.35

జీరో_బ్లండర్ తమ్ముడు చెప్పేది చాలా గేమ్‌లకి నిజమే. కానీ పైన ఉన్న గేమ్ మళ్ళీ చూడు తమ్ముడూ. ఇందులో పావేదీ ఊరికే పోలేదు. ఎక్కడా ఫోర్క్ లేదు, పిన్‌లో పోయిందీ లేదు. పజిల్స్‌లో ఎంత దిట్టయినా ఈ గేమ్ ఇట్టాగే పోతుంది.

కావలి నాన్నగారూ, అవతలివాడి బుర్రలోకి దూరాల్సిన పని లేదండీ. అది ఎవరివల్లా కాదు. ఎదురుగా కూర్చున్నది ఎనిమిదేళ్ళ పిల్లో అరవై ఏళ్ళ పెద్దాయనో, వాళ్ళ మొహంలో ఏమీ ఉండదు. ఉండేదంతా బోర్డు మీదే. నేను పిల్లలకి నేర్పేది ఒక ప్రశ్న: నేను ఏమీ వేయకుండా ఊరుకుంటే, వాళ్ళు వరసగా రెండు ఎత్తులు ఏం వేస్తారు?

11వ ఎత్తు తర్వాత ఇదే అడగండి. తెల్లపావులకి రెండు ఎత్తులు ఊరికే ఇచ్చేయండి. బి4, బి5. ఇంక ఆలోచించేదేముంది! రూక్ ముందు బంటు ఉంది కాబట్టి వేస్ట్ అన్నాడు మీవాడు. ఆ బంటును వెనకనుంచి నెట్టడానికే రూక్ అక్కడికి పోయింది.

దీన్ని మైనారిటీ అటాక్ అంటారు. క్వీన్ వైపు తెలుపుకి ఏ, బి ఫైళ్ళలో (నిలువు వరసల్లో) రెండే బంట్లు. నలుపుకి ఏ, బి, సి మూడు. ఇద్దరు పోయి ముగ్గురి మీద పడడం ఏంటి అనిపిస్తుంది. వాళ్ళకి కావాల్సింది గెలవడం కాదు, గొడవ పెట్టడం. బి5 వచ్చి సి6 మీద కొట్టాక, బి బంటుతో తిరిగి కొడితే సి6 ఒంటరిగా వెనకబడిపోతుంది. సి ఫైల్ తెలుపు వైపు తెరిచే ఉంది కాబట్టి రూక్‌లు, క్వీన్ అన్నీ దాని మీదికే చూస్తుంటాయి. పోనీ బిషప్‌తో తిరిగి కొట్టామా, డి5 ఒంటరిదవుతుంది. ఏదో ఒక బలహీనత అంటగట్టి పోవడమే ఈ దాడి ఉద్దేశం.

ఇంకో సంగతి. ఇదే బంట్ల అమరికలో తెలుపు జి1 గుర్రం ఎఫ్3కి కాకుండా ఈ2కి పోయిందనుకోండి. అప్పుడు ఎఫ్ బంటుకి దారి ఖాళీ. రూక్ బి1కి పోదు. ఎఫ్3 వేసి, ఈ4 తోసి సెంటర్‌లోంచి వస్తారు. ఒక్క గుర్రం ఎక్కడ కూర్చుందన్న దాన్నిబట్టి ప్లాన్ మొత్తం మారిపోతుంది. అందుకే పిల్లలకి ముందు బంట్లు చూడమంటాను, తర్వాత గుర్రాలు, ఆ తర్వాత ఇప్పుడే కదిలిన పావు.

కావలి_నాన్న | శనివారం, రాత్రి 11.05

మాస్టారూ, నిద్రపోబోతున్నవాణ్ణి లేపి మరీ అడిగా (వాళ్ళమ్మ చేత తిట్లు తిన్నా). రెండు ఎత్తులు ఇస్తే ఏం వేస్తారురా అనగానే బి4, బి5 అని చెప్పేశాడు. కళ్ళు సగం మూసుకునే. మరి ఆటలో ఎందుకు కనిపించలేదు వీడికి?

శకటు_ఒంగోలు | ఆదివారం, ఉదయం 6.20

ఎందుకంటే ఆటలో ఎవరూ అడగలేదు గనక.

నాయనా, మా కాలంలో చదరంగం బోర్డులు యాడివి. ముందు పులిజూదమే. గుడి అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని ఆడేవాళ్ళం. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దూకాలంటే ఆ మేక వెనక గడి ఖాళీగా ఉండాలి. మేకలు ఆడేవాడికి వేరే తెలివి ఏమీ అక్కర్లేదు, పులి ఈసారి ఎక్కడికి దూకుతుంది అన్న ఒక్క యావ ఉంటే చాలు. ఆ ఖాళీ గడిలో ముందే ఇంకో మేకను పెట్టేస్తాడు. పులి ఆడేవాడు మాత్రం ఎంతసేపూ తన దూకుడు తనే చూసుకుంటాడు, చివరికి కదల్లేక ఇరుక్కుంటాడు. మీ పిల్లాడు మంచి పులి. కొన్నాళ్ళు మేకలు ఆడించండి.

చదరంగంలో ఇదే పనిని శాస్త్రంగా చెప్పినాయన పాతకాలం గ్రాండ్‌మాస్టర్ నిమ్జోవిచ్. దానికి ప్రొఫిలాక్సిస్ అని పేరు పెట్టాడు. డాక్టర్లు వాడే మాటే అది, రోగం రాకముందే మందు వేయడం. ఆచరణలో చూడాలంటే మాజీ ప్రపంచ ఛాంపియన్ కార్పోవ్ ఆటలు చూడండి. 1974 నీస్ ఒలింపియాడ్‌లో ఉంజికర్‌తో ఆడిన ఆట ఉంది. ఏ ఫైల్ ఒక్కటే తెరుచుకుని ఉంది. నలుపుకి కావాల్సింది అక్కడ ఏనుగులు (రూక్‌లు) మార్చేసుకుని ఊపిరి పీల్చుకోవడం. కార్పోవ్ 24వ ఎత్తులో తన శకటును (బిషప్‌ను) తీసుకెళ్ళి ఏ7లో కూర్చోబెట్టాడు. తన ఏనుగుకే తను అడ్డం పెట్టుకున్నట్టు ఉంటుంది చూడడానికి. ఇప్పుడు ఏనుగులు మార్చుకోవడం కుదరదు. ఆ శకటు చాటున తన ఏనుగులు రెండూ ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా చేర్చుకున్నాడు. తనకు ఇష్టమైనప్పుడు శకటును పక్కకు తీస్తే ఫైల్ తనదే. ఉంజికర్‌కి చేయడానికి ఏమీ మిగల్లేదు. నాకు ఏనుగు బలి ఇచ్చి మంత్రిని బలి ఇచ్చి గెలిచే ఆటలకంటే ఈ ఎత్తే ఇష్టం. ఎవరి ఇష్టం వాళ్ళది.

జీరో_బ్లండర్ | ఆదివారం, ఉదయం 9.12

తాతగారూ, కార్పోవ్ ఆట మహాద్భుతం, కాదనను. కానీ మీరు చెప్పేది ప్రపంచ స్థాయి ఆట. ఇక్కడ అడిగేది ఆరో తరగతి పిల్లాడి గురించి.

అంతెందుకు, ప్రపంచ స్థాయిలోనే చూడండి. 2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ టైటిల్ పోరు 14వ గేమ్. అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తులో రూక్ ఎఫ్2 వేశాడు. గుకేశ్ రూక్‌లు మార్చేసి బిషప్ డి5 వేశాడు, అయిపోయింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ తేలింది ఒకే ఒక్క ఎత్తు దగ్గర. ప్లాన్ కాదు, బ్లండర్ (ఘోరమైన పొరపాటు). నేను చెప్పేది అదే.

మూలాపేట_మాస్టర్ | ఆదివారం, ఉదయం 10.40

మంచి ఉదాహరణ ఇచ్చావు తమ్ముడూ, అయితే అది నా వైపు పనికొచ్చేది.

డింగ్ ఎందుకు వేశాడు రూక్ ఎఫ్2? రూక్‌లు మారితే బోర్డు ఖాళీ అవుతుంది, ఒక బంటు తక్కువైనా బిషప్‌తో డ్రా పట్టుకోవచ్చు అని. అది తన ప్లాన్. అందులో తప్పు లేదు కూడా, ఆ బిషప్ ఇంకెక్కడైనా ఉండుంటే. అది ఏ8 మూలలో ఉంది. దానికున్నది ఒక్కటే దారి, ఆ దారిలోనే డి5. గుకేశ్ తన బిషప్‌ను డి5లో పెట్టగానే తప్పించుకోను చోటు లేదు, మార్చుకోవాల్సిందే. ఆ తర్వాత మిగిలింది రాజులు, బంట్లు. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. మ్యాచ్ మొత్తం స్కోరు 7.5, 6.5.

రూక్ ఎఫ్2 వేసేముందు "రూక్‌లు మారాక గుకేశ్ ఏం వేస్తాడు?" అని అడిగి ఉంటే డి5 కనిపించేది. నాలుగు గంటలు ఆడి అలసిపోయిన ప్రపంచ ఛాంపియన్‌కి కూడా ఆ ప్రశ్న జారిపోయింది. నువ్వు బ్లండర్ అంటున్నావు, నేను అడగని ప్రశ్న అంటున్నాను. ఒకటే వస్తువు. అవతలివాడి ప్లాన్ చూడడం, బ్లండర్ తప్పించుకోవడం వేరువేరు విద్యలు కాదు. రెండు ఎత్తుల దూరంలో ఉంటే బ్లండర్ అంటాం, పది ఎత్తుల దూరంలో ఉంటే ప్లాన్ అంటాం.

బెంగుళూరు_నెల్లూరోడు | ఆదివారం, మధ్యాహ్నం 12.15

మాస్టారి 'వరసగా రెండు ఎత్తులు' ఇంజిన్లు (చదరంగం ఆడే ప్రోగ్రాములు) కూడా చేస్తాయి, అందుకే ఈ పోస్టు. స్టాక్‌ఫిష్ లాంటివాటిలో నల్ మూవ్ అని ఒక టెక్నిక్ ఉంది. ఇంజిన్ తన వంతు వచ్చినప్పుడు ఏమీ వేయకుండా 'పాస్' అనేసి, అవతలి పక్షానికి ఇంకో ఎత్తు ఊరికే ఇచ్చి లెక్క చూస్తుంది. అంత అవకాశం ఇచ్చినా తనకేమీ కాలేదంటే, ఈ పొజిషన్ బాగున్నట్టే అని లెక్కలో ఆ కొమ్మ మీద ఇంక టైమ్ తగలెయ్యదు. ఎండ్‌గేమ్‌లో జుగ్‌జ్వాంగ్ వచ్చినచోట మాత్రం ఈ కిటుకు బెడిసికొడుతుంది. అక్కడ ఏ ఎత్తు వేసినా నష్టమే కాబట్టి పాస్ చెప్పడమే వరం అయిపోతుంది, లెక్క తప్పుతుంది. పిల్లలకి కూడా ఈ తేడా ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలి.

ఇంట్లో ప్రాక్టీస్‌కి: లిచెస్ అనే చదరంగం సైట్‌లో అనాలిసిస్ బోర్డు తెరిచి ఇంజిన్ ఆన్ చేసి, కీబోర్డు మీద ఎక్స్ అక్షరం నొక్కండి. ఇప్పుడు అవతలివాళ్ళ వంతయితే ఏం వేస్తారో బాణం గీసి చూపిస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. కాకపోతే ముందు పిల్లాడు చెప్పాలి, తర్వాతే ఎక్స్ నొక్కాలి. తిరగేసి చేస్తే వాడికి వేలు నొక్కడం మాత్రమే వస్తుంది.

మోడరేటర్ | ఆదివారం, మధ్యాహ్నం 12.50

ఆన్‌లైన్ కోచింగ్ ప్రకటన ఒకటి తీసేశాం. ఫీజులు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దు.

లంచ్‌బాక్స్_అమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 2.30

మాది ఒంగోలు. మా ఇంట్లో సమస్య దీనికి తలకిందులు. మా అమ్మాయికి అన్నీ కనిపిస్తాయి. లేనివి కూడా. అవతలి బిషప్ జి4కి వస్తుందేమో అని హెచ్3. గుర్రం బి4కి వస్తుందేమో అని ఏ3. ఆ పావులు అసలు ఇంట్లోంచి కదల్లేదు, ఈమె మాత్రం తలుపులన్నీ వేసుకుని కూర్చుంటుంది. పది ఎత్తులయ్యేసరికి అవతలివాళ్ళ పావులన్నీ బయట, ఈమెవి సగం లోపల. టెన్షన్‌కి గోళ్ళు కొరుకుతుంది. మీరు చెప్పే ప్రశ్న ఈమెకి నేర్పితే ఇంకా ముడుచుకుపోదా మాస్టారూ?

మూలాపేట_మాస్టర్ | ఆదివారం, సాయంత్రం 5.05

చాలా అవసరమైన ప్రశ్న అడిగారమ్మా. ఇది రాయకుండా వదిలేసి ఉంటే సగం మందే వేసినట్టయ్యేది.

అవతలివాళ్ళ ప్లాన్ కనిపించాక ఇంకో ప్రశ్న ఉంది: అది నిజంగా జరిగితే నాకేంటి? బిషప్ జి4కి వచ్చి గుర్రాన్ని పిన్ చేసింది. చేయనీ. ఏం పోతుంది? చాలాసార్లు ఏమీ పోదు. అప్పుడు హెచ్3 మీద ఎత్తు ఖర్చు పెట్టడం దండగ. అదే ఎత్తుతో ఒక పావు బయటికి వచ్చేది.

కొన్నిచోట్ల అవతలివాళ్ళ ప్లాన్ భయంకరంగా ఉన్నా అడ్డుకోకూడదు. కింగ్స్ ఇండియన్ అనే ఓపెనింగ్ చూడండి. సెంటర్ మూసుకుపోయి తెల్లబంట్లు డి5, ఈ4లో, నల్లబంట్లు డి6, ఈ5లో ఉంటాయి. నలుపు ఎఫ్5, ఎఫ్4, జి5, జి4 అంటూ నేరుగా తెల్లరాజు మీదికి వస్తుంది. చూస్తే గుండె జారుతుంది. తెలుపు ఆ పక్క ప్రతి ఎత్తుకీ పై ఎత్తు వేస్తూ కూర్చుంటే పని అయిపోయినట్టే. అవసరమైన ఒకటి రెండు ఎత్తులు అక్కడ వేసి, మిగతావన్నీ క్వీన్ వైపు సి5 తోసి, సి ఫైల్ తెరిచి లోపలికి దూరడానికి వాడాలి. ఎవరి రైలు ముందు చేరుతుందన్నదే ఆట. గొలుసుకట్టుగా ఉన్న బంట్లు ఎటు చూపిస్తుంటే ఆ వైపు ఆడాలి, సాధారణంగా.

కాబట్టి మీ అమ్మాయికి ఒక చిన్న షరతు పెట్టండి. కాపలా ఎత్తు వేసేముందు, "ఇది వేయకపోతే నాకు పోయేది ఫలానా" అని పేరు పెట్టి చెప్పగలగాలి. ఒక బంటు పోతుంది, లేదా సి6 బలహీనమవుతుంది, లేదా మేట్. పేరు చెప్పలేకపోతే ఆ ఎత్తు వేయకూడదు. ఇంట్లో ఆడేటప్పుడు పైకే చెప్పించండి. టోర్నమెంట్‌లో మనసులో.

చీమకుర్తి_రాయి | ఆదివారం, రాత్రి 8.20

నేను మా ఊరి బళ్ళో చిన్నపిల్లలకి సాయంత్రాలు నేర్పిస్తాను. మైనారిటీ అటాక్ దాకా పోలేదు మేము. మా దగ్గర పాఠం నాలుగెత్తుల మేట్‌తో మొదలు.

1. ఈ4 ఈ5 2. బిషప్ సి4 నైట్ సి6 3. క్వీన్ హెచ్5. ఇక్కడ ఆపుతాను. నలుపు ఏం వేయాలి అంటే క్లాసు సగం "నైట్ ఎఫ్6!" అని అరుస్తుంది. క్వీన్‌ను తరమొచ్చు కదా! తరమడం వీళ్ళ ప్లాన్. వాళ్ళ ప్లాన్ ఎఫ్7. క్వీన్ అక్కడ కొడితే మేట్. అప్పుడు చెప్తాను, క్వీన్ హెచ్5 నుంచి ఎన్ని గళ్ళు చూస్తోందో వేలితో గీయండి అని. ఒక వేలు ఈ5 మీదికి, ఇంకో వేలు ఎఫ్7 మీదికి పోతుంది. బిషప్ వేలు కూడా ఎఫ్7 మీదికే. రెండు వేళ్ళు కలిసిన చోట ప్రమాదం. జి6 వేస్తే క్వీన్ ఎఫ్3కి పోయి మళ్ళీ ఎఫ్7నే చూస్తుంది, ఇప్పుడు నైట్ ఎఫ్6 వేయమంటాను. అదే ఎత్తు, ఒక్క అడుగు తర్వాత మంచిదైంది. పిల్లలకి ఇది భలే నచ్చుతుంది.

చెయ్యి తొందర ఉన్నవాళ్ళకి ఒకటే మందు: రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం. ఇంకో పాత సలహా ఒకటి పెద్దవాళ్ళు చెప్తుంటారు, ఎత్తు ముందు కాగితం మీద రాసుకుని, ఒకసారి సరిచూసుకుని అప్పుడు వేయమని. అది ఇప్పుడు కుదరదు. వేయబోయే ఎత్తు ముందే రాయకూడదని ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) రూల్. డ్రా క్లెయిమ్ చేసేటప్పుడు లాంటి సందర్భాలకే మినహాయింపు. ఆర్బిటర్ (రెఫరీ) చూస్తే పిల్లాడికి వార్నింగ్ పడుతుంది, వాడు బెదిరిపోతాడు. ముందే చెప్పి పంపండి.

శకటు_ఒంగోలు | ఆదివారం, రాత్రి 8.45

వేళ్ళతో గీయించడం బాగుందబ్బాయ్. రేపే మా మనవడి మీద ప్రయోగిస్తా.

జీరో_బ్లండర్ | ఆదివారం, రాత్రి 9.30

సరే మాస్టారూ, ప్రశ్న వరకు ఒప్పుకుంటున్నా. కానీ ర్యాపిడ్‌లో (తక్కువ టైమ్ ఆటలో) ప్రతి ఎత్తుకీ ఇన్ని ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటే 15 నిమిషాలు ఎప్పుడో అయిపోతాయి. ఫ్లాగ్ పడి (టైమ్ అయిపోయి) ఓడినా ఓటమే కదా.

మూలాపేట_మాస్టర్ | ఆదివారం, రాత్రి 10.10

వాళ్ళ టైమ్‌లో అడుక్కోవాలి తమ్ముడూ. అవతలి గడియారం తిరుగుతున్నప్పుడు పిల్లలు పక్క బోర్డులు చూస్తుంటారు, సీలింగ్ ఫ్యాన్ చూస్తుంటారు. ప్లాన్ల గురించి ఆలోచించడానికి అదే టైమ్. బంట్లు ఎటున్నాయి, వాళ్ళ పావుల్లో ఏది పని లేకుండా ఉంది, దాన్ని ఎక్కడికి తీసుకెళ్తారు. కచ్చితమైన లెక్కలు, "అది కొడితే ఇది కొడతా" అనేవి మన గడియారం తిరిగేటప్పుడు. ఇట్టా పంచుకుంటే పెద్దగా టైమ్ పట్టదు. పైగా ప్రశ్న ప్రతి ఎత్తుకీ అక్కర్లేదు. అర్థం కాని ఎత్తు వచ్చినప్పుడు తప్పనిసరి. "ఇది వేస్ట్ మూవ్" అని మనసులో అనుకున్నామంటే, ఆగాల్సింది సరిగ్గా అక్కడే.

కావలి నాన్నగారూ, మీవాడికి హోమ్‌వర్క్. అదే గేమ్, 11వ ఎత్తు నుంచి వాణ్ణి తెల్లపావులు ఆడమనండి, నల్లవి మీరు. బి5 ఆపడానికి మీరు ఏం వేస్తే వాడికి ఒళ్ళు మండుతుందో గమనించండి. మంచి డిఫెన్స్ అదే.

కావలి_నాన్న | బుధవారం, రాత్రి 9.15

ఆడాం మాస్టారూ. నేను ఏదో వేశా, వాడు బి4, బి5 అంటూ నన్ను నలిపేశాడు, మహా సంతోషం. రెండోసారి నేను 11... ఏ5 వేశా. ఊరికే, బి4కి రాకుండా. మొహం మాడ్చుకున్నాడు. "నాన్నా, ఇది వేయొద్దు" అన్నాడు. కాసేపటికి ఏ3 వేసి మళ్ళీ బి4కి సిద్ధమయ్యాడు. అక్కడినుంచి నల్లపావులతో ఏం చేయాలో నాకు తెలియలేదు. ఏ5 మంచిదేనా అసలు?

మూలాపేట_మాస్టర్ | బుధవారం, రాత్రి 10.00

మంచిదే కాదు, పుస్తకాల్లో ఉన్న ఎత్తు. బి4 ఎప్పటికీ ఆగదు, కానీ 12. ఏ3 తర్వాత బి4 వచ్చాక ఏ బంట్లు మారతాయి, మీ ఏ8 రూక్‌కి ఊరికే ఒక ఫైల్ తెరుచుకుంటుంది. కూర్చున్న చోటే దానికి పని దొరికింది.

ఆ తర్వాత నలుపు ఇట్టా ఆడొచ్చు: 12... జి6 13. బి4 ఏ×బి4 14. ఏ×బి4 నైట్ ఈ6 15. బిషప్ హెచ్4 నైట్ జి7 16. బి5 బిషప్ ఎఫ్5. ఎఫ్8 గుర్రం ఈ6 మీదుగా జి7కి ఎందుకు పోయింది? బిషప్ ఎఫ్5కి కాపు కాయడానికి. తెలుపు డి3 బిషప్ చాలా మంచి పావు, దాన్ని మార్చేసుకుంటే వాళ్ళ దాడిలో పస తగ్గుతుంది. సి6 బలహీనత ఉంటుంది, కానీ దాన్ని తినేవాళ్ళు తగ్గుతారు.

ఈ వరస మీవాడికి చూపించి, 16వ ఎత్తు దగ్గర ఆపి ఒకటే అడగండి: 17. బిషప్×ఎఫ్5 నైట్×ఎఫ్5 అయితే, ఆ గుర్రం ఇప్పుడు దేన్ని చూస్తోంది?

కావలి_నాన్న | బుధవారం, రాత్రి 10.20

హెచ్4 బిషప్‌ను అన్నాడు. అంతటితో ఆగలేదు మాస్టారూ, "కానీ తెలుపు ఊరుకోదు కదా, ముందే ఎఫ్6 గుర్రాన్ని కొట్టేసి పోతుంది" అంటున్నాడు. కరెక్టేనా?

మూలాపేట_మాస్టర్ | బుధవారం, రాత్రి 10.24

కరెక్టే. బిషప్×ఎఫ్6, బిషప్×ఎఫ్6. ఇప్పుడు తెలుపు వంతు. ఏం వేస్తుందో వాణ్ణే చెప్పమనండి, రేపు చూద్దాం. ముందు నిద్రపొమ్మనండి, వాళ్ళమ్మ మళ్ళీ మిమ్మల్నే తిడుతుంది.